పదహారో నిబంధన

ఎలాడియో బాబాయ్ అబద్ధాలు చెబుతున్నాడని నాకు జూలైలోనే తెలిసింది. ఎందుకు చెబుతున్నాడో మాత్రం సెప్టెంబరు దాకా తల బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు.

ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి మేం నలుగురం వీడియో కాల్‌లో కూర్చుంటాం. నేను ఎన్‌కర్నాసియోన్‌లో మందుల షాపు మూసి వస్తాను. నిమియా బోగాదో అనే ఊళ్లో తన చిపా రొట్టెల బట్టీ వెనక గదిలోంచి, ఒంటినిండా పిండితో వస్తుంది. లా చదువుతున్న దెర్లీస్ సరిహద్దు ఊళ్లో హాస్టల్లో ఉంటాడు. అరవై మూడేళ్ల ఎలాడియో బాబాయ్ నది ఒడ్డున పిలార్‌లో ఒక్కడే ఉంటాడు. కథ నడిపేది నేను. వాళ్లు ముగ్గురూ కథలో మనుషులైపోయి ఏం చేస్తారో చెబుతారు. పని అవుతుందో లేదో అనుమానం వచ్చినచోట ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఇరవై పడితే పండగ, ఒకటి పడితే కొంప మునిగినట్టే. ఎవరి పాచికలు వాళ్లింట్లో వేసుకుని, పడిన అంకె నోటితో చెబుతారు. నమ్మకం మీద నడిచే ఆట.

ఈ ఆట నాకు నేర్పింది ఎలాడియో బాబాయే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, ఆయన తపాలాఫీసులో గుమాస్తా. మొదటిరోజే నాకు మూడు పడితే, "ఇంకోసారి వేస్తాను బాబాయ్" అని బతిమాలాను. "వేస్తే లేచిపో జునిల్డా. పాచిక ఏం చెబితే అదే. దానికి ఎదురు చెప్పేవాళ్లతో నేనాడను" అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది. అలాంటి మనిషి నాకు అబద్ధం చెబుతున్నాడు!

ఎలా తెలిసిందంటే, నాకు ప్రతిదీ రాసుకునే జబ్బుంది. మందుల షాపులో అలవాటైపోయింది. ఎవరికి ఎప్పుడెంత పడిందో నోటుబుక్కులో గీతలు గీసి మరీ రాస్తాను. మే నెల నుంచి ఎలాడియో బాబాయ్ గీత కింద తొమ్మిది, పన్నెండు, పది, పదకొండు, పదమూడు, తొమ్మిది. ఇరవై లేదు, సరే. ఒకటీ లేదు. రెండూ లేదు, పద్దెనిమిదీ లేదు. నెలల తరబడి తొమ్మిదికీ పదమూడుకీ మధ్యే పడే పాచిక ఈ భూమ్మీద ఉంటుందా?

గెలవడానికి అబద్ధమాడేవాళ్లని చూశాను. నా సొంత తమ్ముడే ఉన్నాడు, వాడికి పేకాటలో ముక్కలు దాచుకోడానికి చొక్కా చేతులు చాలవు. కానీ పదకొండు కోసం అబద్ధమాడే మనిషినెక్కడైనా చూశారా? పదకొండుతో కథలో తలుపు సగం తెరుచుకుంటుంది, ఆయన పాత్ర తోలే గాడిద సగం మాట వింటుంది. పైగా ఈమధ్య మ్యాపు పంపిస్తే తను చూడడు, "నిమియా, ఏముందో చెప్పమ్మా" అంటాడు. బద్ధకం అనుకున్నాను. ఆటమీద మనసు పోయిందేమో, మమ్మల్ని వెక్కిరిస్తున్నాడేమో అని కూడా అనుకున్నాను. ఒక వారం కోపం, ఒక వారం దిగులు. ఆయన్నే అడగొచ్చుగా అంటారు. అడగలేకపోయాను. "అవును, అబద్ధమే" అంటే ఆ తరవాత ఏం మాట్లాడాలి?

అందుకని అడ్డదారి పట్టాను. మన ఆటకి రాతపూర్వకంగా నిబంధనలు పెట్టుకుందాం అని అందరికీ మెసేజ్ పెట్టాను. పదిహేను నిబంధనలు ఊరికే. పదహారోది ఆయన కోసం.

ఆ శనివారం ఆట మానేసి నిబంధనలకే కూర్చున్నాం. ఉత్తరపు గాలి, మా వైపు వడగాలంటే అదే, వేడిగా కొడుతోంది. అందరి చేతుల్లో తెరెరే, కప్పులో టీ ఆకులాంటి ఆకుమీద మంచునీళ్లు పోసి గొట్టంతో పీల్చేది. ఒకచోట కూర్చుంటే ఒకే కప్పు చుట్టూ తిరుగుతుంది. కాల్‌లో కప్పు తిరగదు కాబట్టి వంతు తిప్పుతాం. చిన్నవాడు కాబట్టి దెర్లీస్ మొదలుపెడతాడు, తరవాత నిమియా, తరవాత నేను, చివర ఎలాడియో బాబాయ్. ఎవరి వంతుకి వాళ్లు పీల్చి మాట్లాడాలి. 'థాంక్స్' అన్నవాళ్లకి ఆపైన కప్పు వెళ్లదు. నాకు చాలు, నేను లేస్తున్నా అని దానర్థం.

"నిబంధన ఒకటి," దెర్లీస్ గొంతు సవరించుకున్నాడు. "రాని ఆటగాడి తాలూకు పాత్ర, సదరు ఆటగాడు తిరిగి హాజరయ్యేవరకూ, గాడిదల వద్ద కాపలాగా ఉండవలెను."

"వలెను ఏంట్రా, వలెను!" అంది నిమియా. "రానోడు గాడిదలు కాస్తాడు. అంతేగా?"

"చట్టం భాష అలాగే ఉంటుందక్కా."

"గాడిదలకి చట్టమెందుకురా?"

"మైకు పక్కన చిపా నమలరాదు. ఇది రెండోది," అన్నాడు వాడు.

"ఇది నన్నే అన్నావు కదూ? ఒప్పుకోను. బట్టీలో కూర్చుని నోరు కట్టుకోమంటావా?"

ఎలాడియో బాబాయ్ నవ్వాడు. ఆ నవ్వు విని నాకు ఒళ్లు మండింది. ఇంత మామూలుగా ఎలా నవ్వుతాడు?

కరెంటు పోతే ఏం చెయ్యాలి, చచ్చిన పాత్ర వస్తువులు ఎవరికి, ఇలా రెండు గంటలు కొట్టుకుని పదహారుకి వచ్చాం. అది నేనే చదివాను. "ఇకనుంచి ఎవరూ సొంత పాచికలు వెయ్యకూడదు. వెబ్‌సైట్‌లో పాచిక ఉంది. నొక్కితే అంకె అందరి స్క్రీన్ మీదా పడుతుంది."

"ఎందుకే? ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేమొచ్చింది?" అంది నిమియా.

"ఊరికే. పారదర్శకంగా ఉంటుందని."

"నాకు అభ్యంతరం లేదు," అన్నాడు దెర్లీస్.

ఎలాడియో బాబాయ్ వంతు వచ్చింది. తెరెరే పీల్చాడు. నీళ్లు అడుగంటిన చప్పుడైంది. కప్పు కింద పెట్టాడు.

"థాంక్స్," అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ మనిషి నోట ఆ మాట నేను వినలేదు. ఆట అయిపోయినా కప్పు పట్టుకుని కూర్చునే రకం ఆయన.

"బాబాయ్, థాంక్స్ ఏంటి?" అన్నాడు దెర్లీస్.

"ఏముందిరా, చాలు. మీరు ఆడుకోండి."

నేనింక పట్టలేకపోయాను. నోటుబుక్కు తీసి మొహాన కొట్టినట్టు చదివేశాను, తొమ్మిది, పన్నెండు, పది, పదకొండు. "ఇవేంటి బాబాయ్? పాచికకి ఎదురు చెప్పొద్దన్నది నువ్వే కదా! దొంగతనం చేస్తే చేశావు, కనీసం ఇరవై దొంగిలించొచ్చు కదా! ఈ పదకొండేంటి? నాకు పిచ్చెక్కిపోతోంది!"

"నామీద నమ్మకం లేదా, అమ్మాయ్?"

"లేదు. వెయ్యి. ఇప్పుడే వెయ్యి."

నిమియా "ఒసేయ్, ఆపు" అంటూనే ఉంది. పాచిక ప్లాస్టిక్ పళ్లెంలో దొర్లిన చప్పుడు వినిపించింది. ఎలాడియో బాబాయ్ వంగాడు, లేచాడు.

"పదకొండు," అన్నాడు.

"ఫోను కిందికి వంచు."

పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. తరవాత వంచాడు. పళ్లెంలో నల్ల పాచిక. దానిమీద తెల్లగా, గుడ్డివాడికైనా కనిపించేంత స్పష్టంగా ఇరవై.

నా బుర్ర పనిచెయ్యలేదు. పదకొండంటాడని తెలుసు, కింద రెండో మూడో ఉంటుందనుకున్నాను. ఇరవై పెట్టుకుని పదకొండనేవాడెవడు?

"అక్కా, నాకు ఇరవై కనిపిస్తోంది. నా స్క్రీనేమైనా తప్పా?" అన్నాడు దెర్లీస్.

"నాకూ ఇరవయ్యే," అంది నిమియా మెల్లిగా.

"ఇరవయ్యా?" అన్నాడు ఎలాడియో బాబాయ్. "ఇరవై పడిందా?"

ఆ గొంతు వినగానే అంతా అర్థమైంది. మ్యాపులు, "చెప్పమ్మా నిమియా"లు, పదకొండులు, అన్నీ. గుడ్డివాడికైనా అనుకున్నాను చూశారా, ఆ మాటకి నన్ను చెప్పుతో కొట్టాలి.

"ఎప్పట్నుంచి బాబాయ్?" అన్నాను.

"ఏప్రిల్ నుంచి. షుగర్. కంటి మధ్యలో బూజు పట్టినట్టుంటుంది. పక్కన గోడ కనిపిస్తుంది, గోడమీద క్యాలెండరు కనిపిస్తుంది. చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. అది స్క్రీన్ మీదున్నా ఒకటే, పళ్లెంలో ఉన్నా ఒకటే."

"చెప్పొచ్చు కదా!"

"చెబితే ఏం చేస్తారు? అయ్యో పాపం అంటారు. నా గాడిదలవాడు లోయలో పడబోతే చాటుగా పట్టుకుంటారు. అలాంటి ఆట నాకెందుకే?" పళ్లెంలో పాచికని వేళ్లతో తడిమాడు. "పెద్ద అంకె చెబితే దొంగతనం. చిన్నది చెబితే నా మూలంగా మీరు చస్తారు. అందుకని ఎవరికీ తగలకుండా మధ్యలో చెప్పుకుంటూ వచ్చాను. ప్రతి శనివారం సిగ్గుతో చచ్చాను జునిల్డా."

నేను ఏడ్చేశాను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

ముందుగా తేరుకున్నది దెర్లీసే. "పదహారో నిబంధన మారుస్తున్నాను. ఎవరి పాచిక వాళ్లు వెయ్యరు. తెరెరే వరసలో పక్కవాడు వేసి చదువుతాడు. అందరికీ ఇదే. అక్కా, నీక్కూడా."

"నాకెవరు వేస్తారు?"

"నిమియక్క. వరస ప్రకారం నీకు బాబాయ్ వేస్తే..." ఆగిపోయాడు.

"నేను వెయ్యనులేరా, నువ్వు నీళ్లు నమలకు," అన్నాడు ఎలాడియో బాబాయ్. "నాకెవరు?"

"నేను. వరసలో నీ తరవాత మళ్లీ నేనేగా."

"మరి ఒకటి పడితే తప్పు వేసినవాడిదా, ఆడినవాడిదా?" అంది నిమియా. దానిమీద ఇంకో పావుగంట గొడవ. ఇప్పటికీ తేలలేదు.

"ఇంత గొడవ దేనికి? ఒక్కసారి ఆడి చూద్దాం," అన్నాడు ఎలాడియో బాబాయ్.

పోయినవారం ఆగిన చోటునుంచి ఎత్తుకున్నాను. తాళ్ల వంతెన, కింద పొంగుతున్న నది. గాడిదని చేత్తో పట్టుకుని ముందు తను దాటుతానన్నాడు ఎలాడియో బాబాయ్. దెర్లీస్ పాచిక వేశాడు. చూశాడు. వాడి మొహం మాడిపోయింది. నాకు తెలిసిపోయింది. పన్నెండు అను, పదకొండు అను అని నాలోపల ఎవరో అరుస్తున్నారు. అదే పని చేసినందుకు కదా నేను ఇందాక ఆ మనిషిని నిలదీశాను!

"దెర్లీస్," అన్నాడు ఎలాడియో బాబాయ్. "ఏం పడింది?"

"బాబాయ్... ఒకటి."

అప్పుడు ఎలాడియో బాబాయ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహం కెమెరా దాటిపోయింది, చొక్కా గుండీలు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఒకటి!" అని కేక పెట్టాడు. "ఒకటేనా? నిజంగా ఒకటేనా? ఎన్నాళ్లయిందిరా ఒకటి పడి! వంతెన తెగిందా జునిల్డా? చెప్పవే, తెగిందా?"

"తెగింది బాబాయ్," అన్నాను. "గాడిదతో సహా నదిలో పడ్డావు."

"పడ్డాను!" అని పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కూర్చుని కప్పులో మంచునీళ్లు పోసుకుని పీల్చాడు. వంతు దెర్లీస్‌కి వెళ్లాలి. ఎందుకైనా మంచిదని మేం ముగ్గురం ఆగాం. ఎలాడియో బాబాయ్ థాంక్స్ అనలేదు.

"చూస్తారేంరా, మునిగిపోతున్నాను," అన్నాడు. "ఇంకోటి వెయ్యి."