వద్దు పటేల్ తాయీద్

బాన్సువాడలో ముత్తెన్న పటేల్‌ని చాటుగా అందరూ 'వద్దు పటేల్' అనేవారు. ఊరికే అనలేదు. నిజాంసాగర్ కాలువ తవ్వుతుంటే వద్దన్నాడు. ఆ నీళ్లతోనే చెరుకు పండించి మిద్దె కట్టాడు. బీర్కూర్‌కు బస్సు వద్దన్నాడు; మొదటిరోజే ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంత పాతకాలపు మనిషి ఎక్కడ దొరుకుతాడనుకుందో ఏమో, నలభై ఏడులో పట్నంలో శాసనసభ కూడినప్పుడు నిజాం సర్కారు ఆయనకూ ఓ కుర్చీ వేసింది.

ఆ సభకు బాన్సువాడలో ఆడపిల్లల బడి పెట్టాలన్న తీర్మానం వచ్చింది. పటేల్ ఊళ్లోనే వద్దన్నాడని వేరే చెప్పాలా!

లేకలేక పుట్టిన ఒక్కతే కూతురు ప్రేమల. ఎనిమిదేళ్లది. బెల్లం కట్టి తెచ్చిన కాగితం కనిపించినా పట్టుకొచ్చి, "నాయినా, గీండ్ల ఏం రాసిండ్రు?" అని అడిగేది. సంతకం తప్ప ఒక్క అక్షరం రాని పటేల్‌కు ఒళ్లు మండేది. నిజానికి అది కోపం కాదు, సిగ్గు.

సభలో మాట్లాడేది ఉర్దూ. గుమాస్తా దేవిదాస్ రైల్లో దారి పొడుగునా నేర్పాడు. "కాదంటే తర్దీద్ అనాలె పటేలా. ఔనంటే తాయీద్. యాదుంచుకోండ్రి."

"తర్దీద్, తాయీద్" అని పటేల్ సికింద్రాబాద్ దాకా జపం చేశాడు. అక్కడే వచ్చింది తంటా. సభలో పేరు పిలవగానే రెండు మాటలూ కలగాపులగమయ్యాయి. లేచి నిలబడి గట్టిగా, "తాయీద్!" అన్నాడు.

సభంతా చప్పట్లు. తన మాట అంత బాగా నచ్చిందనుకుని పటేల్ మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. పైన చూసేవాళ్ల వరుసలో దేవిదాస్ నెత్తి కొట్టుకున్నాడు.

జరిగిన పొరపాటు దారిలోనే చెప్పిన దేవిదాస్, ఇంటికి రాగానే తెలుగులో కాగితం రాసి ముందు పెట్టాడు. "పొరపాటున తాయీద్ అన్న, నా మాట వాపసు తీసుకుంటున్న అని రాసిన. సంతకం పెట్టుండ్రి పటేలా. ఊరి సభ్యుడే కాదంటే బడి ఆగుతది."

పటేల్ కలం అందుకున్నాడు. అప్పుడే ప్రేమల ఉరికొచ్చి మోకాళ్లు పట్టుకుంది. "నాయినా, బడి నువ్వే తెచ్చినవంట గదా! అమ్మ చెప్పింది."

ఆ మొహంలోని సంతోషం చూసి పటేల్‌కు గుండె కలుక్కుమంది. వాకిట్లో భార్య గంగవ్వ చేట పక్కన పెట్టి చూస్తోంది. కలం కింద పెట్టి, కాగితం మడిచి తలపాగాలో దోపుకున్నాడు.

"అన్న మాట ఎన్కకు మర్లేసుకునుడు మా ఇంట్ల కొత్త. నాకు కొత్తవి గిట్టవని నీకెర్కనే గద, దేవిదాసూ."

బడి తెరిచిన నాడు మొదటి పేరు ప్రేమలదే రాయించాడు.

రెండేళ్లు గడిచాయి. సర్కారు మారింది, సభ పోయింది, పటేల్ కుర్చీ కూడా పోయింది. బడి మాత్రం నిలిచింది. ఓ సాయంత్రం ప్రేమల పెట్టె సర్దుతూ మడత నలిగిన కాగితం తీసింది. కూడబలుక్కుంటూ చివరిదాకా చదివి తలెత్తింది.

"నాయినా, గిది పంపలేదా? సంతకం కూడ లేదేంది?"

పటేల్ కళ్లు తుడుచుకుని నవ్వాడు.

"నువ్వు సదివి చెప్పేదాక ఆగిన, బిడ్డా."