మర్యాద నేర్పే గుమ్మం

కరాంగ్‌సారి వీధిలో ఎవరింటికి వెళ్లినా తల వంచుకునే వెళ్లాలి. వాళ్లేమీ జమీందార్లు కారు. గుమ్మాలే అంత కురచగా ఉన్నాయి. కట్టినప్పుడు అవి నిలువెత్తు గుమ్మాలే. సముద్రం పోటుకి వచ్చినప్పుడల్లా నీళ్లు ఇళ్లలో దూరుతుంటే, జనం మట్టీ కంకరా పోసి నేల పెంచుకుంటూ వచ్చారు. నేల లేచింది గానీ కప్పు లేవలేదు. ఇప్పుడు ఆ వీధిలో కిటికీలోంచి బయటికి చూడాలంటే చాప పరిచి పడుకోవాలి.

పాక్ వకిది ఇంటి గుమ్మమైతే మనిషి ఛాతీ దాకా వస్తుంది. పాక్ అంటే మా దగ్గర అయ్యగారు అన్నట్టు. వకిది బాతిక్ బట్టలకి రాగి అచ్చుతో మైనం అద్దే పనివాడు. చేతిలో అచ్చు ఎంత వేడిగా ఉంటుందో నోట్లో మాట అంత వేడిగా ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా గుమ్మానికి తల కొట్టుకుంటే చాలు, లోపల్నుంచి కేకేస్తాడు.

"మా గుమ్మం మర్యాద నేర్పుతుందండీ! నగరపాలకుడైనా సరే, ముందు నాకు దణ్ణం పెట్టి తర్వాతే లోపలికి రావాలి."

ఆ రోజు వకిది నాలుగోసారి నేల ఎత్తు పెంచుతున్నాడు. భార్య తుమీనా పొద్దున్నే పనసకాయ తురుము కూర కలిపిన అన్నం పొట్లాలు అమ్ముకొచ్చి, బుట్ట పక్కన పడేసి మట్టి తొక్కుతోంది. మూలనున్న మంచం మీద వకిది తల్లి కర్సినా అవ్వ పడుకుని ఉంది. ఎనభై దాటాయి, కాళ్లు లేవవు, చూపూ మాటా మాత్రం పదునుగానే ఉన్నాయి.

"ఒరేయ్, నేనీ ఇంటికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు నిటారుగా నడిచొచ్చాను. ఇంతెత్తు కొప్పు, దాన్నిండా మల్లెపూలు. ఒక్క పువ్వైనా గుమ్మానికి తగల్లేదు."

"కొప్పు చిన్నదేమోలే అమ్మా."

"నోర్ముయ్. పోయేటప్పుడు కూడా ఆ గుమ్మంలోంచి తిన్నగానే పోవాలి. బస్తాని దూర్చినట్టు వంకరగా లాగావంటే ఊరుకోను."

వకిది పార దించాడు. "సముద్రపు కట్ట వేస్తారంటున్నారమ్మా. ఆ కట్ట పడనీ, ఈ మట్టంతా తవ్వి అవతల పోస్తాను. గుమ్మం మళ్లీ నిలువెత్తు అవుతుంది. పోవడం సంగతి తర్వాత, నిన్ను కుర్చీలో కూర్చోబెట్టి తిన్నగా బజారుకి తీసుకెళ్తా."

"మాటేనా?"

"మాటే."

అప్పట్నుంచి అవ్వకి కట్టే లోకం. వచ్చినవాళ్లందరినీ అదే అడిగేది. "కట్ట ఎంతదాకా వచ్చిందమ్మా?" ఇంకా మొదలే పెట్టలేదని చెప్పడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక, నగర కార్యాలయం నుంచి హెంద్రతో అనే అధికారి మసీదు అరుగు మీద వీధి జనాన్ని కూర్చోబెట్టాడు. మెత్తటి మనిషి, మాట తేనెలా ఉంటుంది.

"చూడండి, విదేశాల్లో డబ్బున్నవాళ్లు ఇప్పుడు ఊరి అందం చూసి పెట్టుబడి పెట్టట్లేదు. ఊరికొచ్చిన మార్కులు చూసి పెడుతున్నారు. గాలి ఎలా ఉంది, చెత్త ఎటు పోతోంది, సముద్రం మీదికొస్తే జనం తట్టుకుంటారా లేదా, అన్నిటికీ మార్కులున్నాయి. మంచి మార్కులొస్తే ఫ్యాక్టరీలొస్తాయి, తక్కువ వడ్డీకి అప్పు పుడుతుంది. ఆ అప్పుతోనే కట్ట. మార్కులు తగ్గాయంటే వాళ్లు పక్క ఊరికి పోతారు. లెక్క రాసుకునేవాళ్లు వచ్చే వారం మీ వీధికొస్తున్నారు."

"పెళ్లిచూపులన్నమాట!" అన్నాడు వకిది. "పన్నూడిన పిల్లని నవ్వొద్దని చెప్పి కూర్చోబెట్టాలి."

అరుగంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ హెంద్రతో నవ్వాడు. "మీకు భలే అర్థమైంది పాక్ వకిది. ఆ పని మీరే చూడండి."

ఇక వకిదిని పట్టడం ఎవరి తరం? కొంటెపని అంటే తిండి కూడా మానేసే మనిషి. గోడల మీద నీళ్లు పాకిన ఉప్పు చారలు కనబడకుండా ఇంటింటికీ బాతిక్ గుడ్డలు వేలాడగట్టించాడు. బురద గుంటల మీద పలకలు వేయించి, వాటి మీద పూలకుండీలు పెట్టించాడు. ఆడవాళ్లని వరసగా నిలబెట్టి పాఠం చెప్పాడు.

"నీళ్లొస్తాయా అని అడిగితే ఏమనాలి?"

"ఏ నీళ్లు?" అంది పక్కింటి సురాతి.

"శభాష్! కాళ్లు తడిగా ఉన్నాయేంటంటే?"

"ఇప్పుడే కడుక్కున్నాం!"

విదేశీయుల్ని బురిడీ కొట్టిస్తున్నామని వీధంతా పండగలా ఉంది.

చదివే అయ్యలారా, అమ్మలారా, ఇక్కడొక మాట చెప్పాలి. మా వాళ్లకి మొదట్నుంచీ ఒక గుణం ఉంది. గడపలోకి మనిషి వస్తే చక్కెర ఎక్కువేసిన టీ ఇచ్చి, కడుపులో ఎంత మంట ఉన్నా "ఏం పర్లేదు, బాగానే ఉన్నాం" అంటాం. అతిథి ముందు కష్టం చెప్పుకోవడం సిగ్గు. ఈ గుణాన్ని మంచి అనాలో చెడ్డ అనాలో నాకిప్పటికీ తెలీదు. కానీ దాన్ని మాకంటే బాగా ఎరిగినవాళ్లు కార్యాలయాల్లో ఉన్నారని మాత్రం తెలుసు.

లెక్క రాసుకునేవాళ్లు సముద్రం బాగా వెనక్కి తగ్గిన రోజునే వచ్చారు. ఆ రోజుని ఎవరు ఎంచారో వేరే చెప్పక్కర్లేదు. రెత్నో అనే అమ్మాయి, ఆమె వెంట కెమెరాలతో ఇద్దరు విదేశీయులు. రెత్నో వకిది గుమ్మానికి ఠంగుమని తల కొట్టుకుంది.

"మర్యాద నేర్చుకున్నావమ్మా! రా, కూర్చో," అన్నాడు వకిది. తుమీనా టీ తెచ్చింది.

రెత్నో నుదురు రుద్దుకుంటూ కాగితం తీసింది. "పోటు నీళ్లు ఇంట్లోకి వస్తాయా పాక్?"

"మా ఇంట్లోకా? పిలవందే ఎలా వస్తాయమ్మా?"

గుమ్మం బయట తొంగిచూస్తున్న వాళ్లంతా పకపకా నవ్వారు. రెత్నో నవ్వలేదు. కురచ గుమ్మాన్ని చూసింది, నెత్తికి తగిలేలా ఉన్న కప్పుని చూసింది. కలం ఎత్తి పట్టుకునే ఇంకోసారి అడిగింది.

"నిజం చెప్పండి పాక్. నీళ్లు రావా?"

"ఏం పర్లేదమ్మా, సుఖంగా ఉన్నాం. టీ తాగు, చల్లారిపోతోంది."

మూలనుంచి అవ్వ గొంతు వినబడింది. "వస్తాయి తల్లీ. నా మంచం కోడు తడిమి చూడు, ఉప్పు పేరుకుని ఉంటుంది."

వకిది మంచానికి అడ్డంగా జరిగాడు. ఈ ఒక్క మాటతో మార్కులు పోతే? కట్ట పోతే? చటుక్కున నవ్వేశాడు.

"మా అమ్మకి ఎనభై దాటాయమ్మా. కలలో కూడా సముద్రమే ఆవిడకి. మొన్న మంచం కింద చేప గుడ్లు పెట్టిందంది!"

మళ్లీ నవ్వులు. రెత్నో తల దించుకుని కాగితం మీద ఏదో గీత గీసింది. అవ్వ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

ఊరికి మార్కులొచ్చాయి. మామూలు మార్కులు కావు, తీరంలో ఉన్న ఊళ్లన్నిటికంటే ఎక్కువ. కూడళ్లలో ఆకుపచ్చ జెండాలు కట్టారు. విదేశీ కంపెనీలు వచ్చి తూర్పున ఉప్పు మడుల మీద ఫ్యాక్టరీలకి స్థలం కొన్నాయి. అప్పు మంజూరైంది. కట్ట పని మొదలైంది.

అయితే కట్ట తూర్పునే మొదలై తూర్పునే మలుపు తిరిగింది. ఫ్యాక్టరీల స్థలం చుట్టూ గుండ్రంగా తిరిగి ఆగిపోయింది.

వకిది ఐదుగురిని వెంటేసుకుని కార్యాలయానికి వెళ్లాడు. హెంద్రతో ఎప్పటిలాగే నవ్వుతూ కుర్చీలు వేయించాడు.

"మా వీధి వదిలేశారండీ," అన్నాడు వకిది. "మరిచిపోయారేమో అని గుర్తు చేద్దామని వచ్చాం."

"మరవలేదు పాక్. అప్పిచ్చినవాళ్లు నివేదిక చదివి డబ్బిస్తారు. నీళ్లొచ్చే చోట కట్ట వేయమన్నారు. కరాంగ్‌సారిలో ఒక్క ఇంట్లోకి కూడా నీళ్లు రావని మీరే చెప్పారు కదా."

"మీరు చెప్పమంటే చెప్పాం!"

"నేను పెళ్లిచూపుల మాట ఎత్తలేదే?" అన్నాడు హెంద్రతో మెల్లగా. "ఇప్పుడు ఆ నివేదిక అబద్ధమని నేను రాస్తే ఊరికొచ్చిన మార్కులు పోతాయి, కంపెనీలు పోతాయి, అప్పు వెనక్కి పోతుంది. ఊరంతటి బతుకూ మీ వీధి కోసం పోగొట్టమంటారా? మీరే చెప్పండి."

వకిది తల వంచుకుని కుర్చీలోంచి లేచాడు. బయటికొస్తుంటే నడవలో, లెక్కల పని మీద వచ్చిన రెత్నో ఎదురైంది.

"నేను రెండుసార్లు అడిగాను పాక్," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది. "కట్ట ఎంతదాకా వచ్చిందిరా?"

"వస్తోందమ్మా," అన్నాడు వకిది.

ఉప్పు మడుల మీద ఇదివరకు పరుచుకునే నీళ్లకి ఇప్పుడు కట్ట అడ్డమొచ్చింది. దాంతో ఆ నీళ్లన్నీ దారి మళ్లి కరాంగ్‌సారి మీదికొచ్చాయి. ఆ వానాకాలం వీధిలో నీళ్లు మోకాలి కిందికి దిగలేదు. వకిది ఐదోసారి నేల పెంచాడు. గుమ్మం నడుం దాకా వచ్చింది. ఇంట్లోకి వెళ్లాలంటే పాకాల్సిందే. ఆ నెలలో వకిది మర్యాద జోకు ఒక్కసారి కూడా వేయలేదు.

తడి మంచం మీద దగ్గి దగ్గి కర్సినా అవ్వ ఒక ఉదయం పోయింది. పోయేముందు కట్ట గురించి అడగలేదు. కొడుకు మొహం చూసే ఆవిడకి ఎప్పుడో అర్థమైపోయినట్టుంది.

స్నానం చేయించారు, తెల్లగుడ్డ చుట్టారు. మసీదు నుంచి పచ్చగుడ్డ కప్పిన జనాజా, అంటే పాడె, తెచ్చారు. అది గుమ్మంలో పట్టలేదు. పక్కకి తిప్పి చూశారు, పైన గూడు తీసేసి చూశారు, ఊహూ.

మసీదు పెద్ద పాక్ జుబైదీ వకిది భుజం మీద చెయ్యేశాడు. "చేతుల మీద ఎత్తుకుని కొంచెం వంచి బయటికి తెద్దాం నాయనా. తప్పేం లేదు."

"వంచడానికి వీల్లేదు," అన్నాడు వకిది.

గడ్డపార తెచ్చాడు. గుమ్మం పైదూలాన్ని ఒక్క పోటు పొడిచాడు. తుమీనా "అయ్యో!" అంది గానీ ఆపలేదు. దూలం ఊడింది, పైన గోడ ఊడింది, పెంకులు జలజల రాలి నీళ్లలో పడ్డాయి. గుమ్మమున్న చోట నిలువెత్తు కంత పడింది. ఆ కంతలోంచి, కొత్తకోడలిగా వచ్చిన దారినే, కర్సినా అవ్వ తిన్నగా బయటికొచ్చింది.

పెద్దవాళ్లు పోయినప్పుడు జనాజాని ఎత్తుగా పట్టుకుంటే, కడుపున పుట్టినవాళ్లూ ఇంటి కోడళ్లూ దాని కింద మూడుసార్లు వంగి నడవడం మా ఆచారం. వకిదీ, తుమీనా ఆ రోజు మోకాటి లోతు నీళ్లలో అలా నడిచారు. ఇన్నేళ్లూ గుమ్మానికి వంగారు. వంగాల్సిన మనిషికి వంగింది ఆ రోజే.

జనం చివర్లో రెత్నో నిలబడి ఉంది. వకిది ఆమె దగ్గరికి వచ్చాడు.

"రాసుకో అమ్మా. నీళ్లు వస్తాయి. ఆ రోజు మా అమ్మ చెప్పిందే నిజం."

రెత్నో సంచిలోంచి కలం తీయలేదు. "ఆ లెక్క మూసేశారు పాక్. మళ్లీ లెక్క మూడేళ్లకి."

వకిది వెనక్కి తిరిగి వీధి జనం వైపు చూశాడు. ఇప్పుడైనా ఏదో ఒక హాస్యం ఆడతాడేమోనని కొందరు ఆశగా చూశారు. ఆడలేదు.

"ఊరికి మార్కులొస్తే డబ్బొస్తుందని ఆయన చెప్పింది అబద్ధం కాదు, వచ్చింది. కానీ మనం మన బాధ దాచిపెట్టి మార్కులు తెచ్చాం. దాచిన బాధ దగ్గరికి రావడానికి ఆ డబ్బుకి దారెలా తెలుస్తుంది? విదేశీయుల్ని బురిడీ కొట్టిద్దామనుకున్నాను, మా అమ్మ నోరు నొక్కాను. మూడేళ్ల తర్వాత ఎవరొచ్చి ఏమడిగినా 'ఏం పర్లేదు' అని మాత్రం అనకండి. మన ఇంట్లో నీళ్లున్నాయని మనమే చెప్పకపోతే, ఊరు ఎంత ఎదిగినా మనం అందులో మునిగే ఉంటాం."