అరగంట ముందుకి

లోకంలో వేసవికి గడియారాలు ముందుకు తిప్పుకునే వాళ్ళంతా గంట తిప్పుకుంటారు. సిడ్నీ టైముకి అరగంట ముందుండే మా లార్డ్ హౌ దీవిలో మాత్రం అరగంటే. ఎందుకయ్యా అంటే, మాకంతే చాలంటాం.

బ్రిజెట్ సిడ్నీ పిల్ల. అక్టోబరులో వేసవి టైము మొదలయ్యే ఆదివారం పొద్దున్నే అలవాటు కొద్దీ వంటింటి గడియారాన్ని గంట ముందుకు తిప్పేసింది. ఆ రోజు విమానానికే ఆమె మొగుణ్ణి వదిలి పుట్టింటికి వెళ్ళిపోతోంది. మళ్ళీ రానని చెప్పేసింది కూడా. మొగుడు వార్విక్ చేపల పడవ నడుపుతాడు, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఆమె తిప్పడం చూశాడు. తప్పని చెప్పబోయి ఊరుకున్నాడు. విమానం దగ్గర అరగంట మిగులుతుంది, అప్పుడు వెళ్ళొద్దని అడుగుదామనుకున్నాడు. ఇన్నాళ్ళూ అడగని మనిషి అరగంటలో అడుగుతాడట.

విమానాలు దిగేచోట పనిచేసే జోన్ అప్పుడే తాళం తీస్తోంది.

"ఇంత పెందరాళే వచ్చావేంటి అమ్మాయ్? సిడ్నీ లెక్కన తిప్పేశావా? ఇక్కడ అరగంటేగా" అంది.

బ్రిజెట్ బెంచీ మీద కూలబడింది. వార్విక్ పక్కన కూర్చున్నాడు. గాలి దక్షిణానికి తిరిగిందన్నాడు. చేపలు బాగా పడుతున్నాయన్నాడు. అసలు మాట మాత్రం అనలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీకు తెలీదా, అరగంటేనని?" అంది బ్రిజెట్ ఉన్నట్టుండి.

"తెలుసు. నీతో ఇంకాసేపు ఉందామని..."

"ఆ ముక్కే పొద్దున చెప్పి ఉండొచ్చుగా, వార్విక్. దీవి నచ్చక పోతున్నాననుకున్నావా? ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ నేనొక్కదాన్నే మాట్లాడలేక వెళ్ళిపోతున్నా."

విమానం చప్పుడు వినబడింది. వార్విక్ లేచి నిలబడ్డాడు. వెళ్ళొద్దన్నాడు. పొద్దున్నే ఆమె కూనిరాగం వినడానికే పడవ ఆలస్యంగా తీస్తున్నానని, ఇంజను బాగాలేదన్నది అబద్ధమని చెప్పాడు. జోన్ చీపురు ఆపి వింటోందని తెలిసినా ఆపలేదు.

బ్రిజెట్ కళ్ళు తుడుచుకుంది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇవాళ ఆగను. ఆగితే రేపటికి మళ్ళీ బెల్లం కొట్టిన రాయివే అవుతావు." పెట్టె అందుకుని, నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది. "ఫోన్ చెయ్యి. చేస్తే మాత్రం మాట్లాడాలి, ఊ కొట్టడం కాదు."

"ఎన్నింటికి?"

"ఎన్నింటికైనా. ఇవాళ్టి నుంచి వేసవి పోయేదాకా సిడ్నీకీ ఇక్కడికీ ఒకటే టైము" అని విమానమెక్కింది.