ఎత్తు మీద పని

ఆసుపత్రికని ఇంట్లో చెప్పి బయలుదేరిన ఉజ్వల ఆసుపత్రి గేటు దాకా వెళ్ళింది. ఆటో దిగింది, గేటు వంక ఒకసారి చూసింది, వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోయి బిష్టుపూర్ బజార్లో ఒక చీరల కొట్లో కూర్చుంది. ఎనిమిదో నెల కడుపుతో వచ్చిన మనిషిని ఏ కొట్టువాడు లేవమంటాడు? ఫ్యాను కింద కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఒకటి తర్వాత ఒకటి చీరలు విప్పాడు. రెండు గంటలు వాటివంక చూసి, ఒక్కటీ కొనకుండా గోల్‌మురిలోని ఇంటికొచ్చి, "అంతా బాగానే ఉందన్నారు" అని అత్తగారితో చెప్పింది. ఇలా చెప్పడం ఇది రెండోసారి.

అబద్ధాలాడే పిల్ల కాదు. భయం ఆడించింది. కడుపులో బిడ్డంటే ఆమెకు ప్రాణం. ఆ బిడ్డ బయటికి రావాలి కదా అన్న ఆలోచన తగిలితే మాత్రం చేతులు చల్లబడేవి. మొదటి కాన్పుకు ఎవరికైనా కాస్త బెరుకుంటుంది. ఇది బెరుకు కాదు. తిండినీ నిద్రనీ కూడా తినేసే భయం.

దాని మూలం ఎక్కడుందో ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ళప్పుడు టాటానగర్ రైల్వే క్వార్టర్లో వాళ్ళింటికి పెద్దమ్మ కూతురు త్రివేణి పురిటికొచ్చింది. ఉన్నట్టుండి నొప్పులు ముంచుకొచ్చాయి, ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి లేక పక్క వీధి నర్సును పిలిచి ఇంట్లోనే కానిచ్చారు. ఉజ్వలను వంటింట్లో పెట్టి తలుపేశారు. గోడ అవతల అక్క అరుపులు. ఒక అరుపు, వెంటనే నిశ్శబ్దం, మళ్ళీ అరుపు. నిశ్శబ్దం వచ్చిన ప్రతిసారీ అక్క చచ్చిపోయిందనుకునేది పిల్ల. చివరికి తలుపు తీసేసరికి అందరూ నవ్వుతూ మిఠాయి తింటున్నారు. "ఏటైందమ్మా?" అని అడిగితే, "ఏటీ కానేదు, ఎల్లి ఆడుకో" అంది తల్లి. అక్క నిక్షేపంగా ఉంది. ఆ రోజు పుట్టినవాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. గోడ అవతల ఏం జరిగిందో మాత్రం ఉజ్వలకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మన ఇళ్ళల్లో ఉన్న తెగులే ఇది. చెప్పకపోతే తెలియదనుకుంటాం. తెలియకపోతే భయపడరనుకుంటాం. అత్త దాలమ్మ కూడా అంతే. "నాను అంట్లు తోముకుంతా ఎల్లి కనీసినాను ముగ్గుర్ని. ఏటీ ఉండదమ్మీ" అనేది రోజుకు నాలుగుసార్లు. భర్త శ్యామ్ గోవింద్‌పూర్ దగ్గర ట్రక్కుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మంచివాడే. "అరే, కుఛ్ నహీ హోగా, ఏం కాదు" అని భుజం తట్టి షిఫ్టుకు పోయేవాడు. ఉజ్వల కన్నవాళ్ళు రైల్వేలో రిటైరై సోంపేట దగ్గర సొంతూరికి వెళ్ళిపోయారు. ఇక్కడైతే పెద్దాసుపత్రి దగ్గరని పురుడు అత్తవారింట్లోనే పెట్టుకున్నారు. ఇంతమంది ఉండీ భయం చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు.

మర్నాడు పొద్దున్న దాలమ్మ కూరగాయలకు బజారెళ్ళింది. శ్యామ్ డ్యూటీలో ఉన్నాడు. వరండాలో టీ తాగుతున్న మామగారు అసిరయ్య లోపలికి వినపడేలా దగ్గాడు.

"అమ్మా, కూకో. ఓ సంగతి సెప్పాల. పన్లో సంగతి."

ఉజ్వల గుమ్మం లోపల పీట వేసుకుని కూర్చుంది. అసిరయ్య వీధి వైపు తిరిగే కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు కార్ఖానాలో ఖలాసీల గ్యాంగుకు మేస్త్రీగా చేసిన మనిషి. బరువులెత్తడం, పొగగొట్టాలెక్కి ఇనుము బిగించడం వాళ్ళ పని. కోడలు నీళ్ళోసుకుందని తెలిసినప్పటి నుంచి ఆయన ఆమె మొహం చూసి మాట్లాడింది తక్కువ. మామ కోడలితో అలాంటి విషయాలెత్తడం వాళ్ళ ఇళ్ళల్లో లేదు.

"ఎత్తు మీద పనికెల్లాలంటే హైట్ పాసని ఓ కాగితం కావాల. కొత్తోడొత్తే నాను ఒకటే అడిగీవోణ్ణి, భయమేత్తందేట్రా అని. నేదన్నోణ్ణి కిందుండి తాడు సుట్టమనీవోణ్ణి. ఏత్తంది మేస్త్రీ అన్నోడికి పాస్ రాయించీవోణ్ణి."

"అదేటి మావయ్యా?"

"భయమున్నోడు బెల్టు రెండుసార్లు సూసుకుంతాడు. మరి ఆడి భయం నాకు తెలిత్తే ఆడి కింద ఓ మనిసిని పెడతాను. తెలీకపోతే ఏటి సేత్తాను?" ఒక గుక్క తాగాడు. "నాను కుర్రోడప్పుడు మా మేస్త్రీ నన్నూ అడిగినాడు. నాకేటి భయం అన్నాను. అరవై మీటర్ల గొట్టం. సగంకాడ కాళ్ళు బిగిసిపోనాయి. పైకెల్లనేను, దిగనేను. నిచ్చెన కావిలించుకుని రెండు గంటలున్నాను. కిందోలందరూ అసిరయ్య పన్జేత్తన్నాడనుకున్నారు."

అసిరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"నిన్న ఆసుపత్రోలు ఫోన్ సేసినారమ్మా. రెండుసార్లు రానేదట గదా."

శ్యామ్ షిఫ్టులో ఫోనెత్తడని ఆసుపత్రి కార్డు మీద మామగారి నంబరు రాయించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. సిగ్గుతో తల వంచుకుంది, అంతలోనే ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. అసిరయ్య వెనక్కి తిరగలేదు. ఏడుపు తగ్గేదాకా గేటు వంకే చూస్తూ కూర్చున్నాడు.

"మీ అత్తకి సెప్పనేదు. శ్యామ్‌కీ సెప్పనేదు. కాగితం తెచ్చుకో. బరువెత్తీ ముందు గ్యాంగంతా గుండ్రంగా నిలబడి ఏటేటి ముప్పు రాగలదో ఒకొక్కడూ సెప్పాల, నాను రాసుకోవాల. నోరిప్పనోడు తాడు ముట్టకూడదు. అల్లాగ, నీకు ఏదేదంటే భయమో రాయి. నాకు సూపించకు. ఆ పని తెలిసినోలికి సూపించు."

పురుడు అన్న మాట ఆయన నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు.

రాయడం మొదలుపెడితే కాగితం రెండు వైపులా నిండింది. అరుపులు. అరుపుల మధ్య నిశ్శబ్దం. నా ఒళ్ళు నా మాట వినకపోవడం. చెప్పకుండా కోస్తారేమో. కసురుతారేమో. ఇంతా అయ్యాక బిడ్డ మీద కోపమొస్తుందేమో. ఆ చివరిది రాసి కొట్టేసింది, మళ్ళీ రాసింది.

ఆ మధ్యాహ్నమే మామగారు ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో మందుల కౌంటరు పక్క బెంచీ మీద ఆయన కూర్చుంటే ఉజ్వల ఒక్కతే లోపలికెళ్ళింది. సిస్టర్ అర్పిత బెంగాలీ మనిషి, యాభై దాటాయి. తెలుగు రాతను ఉజ్వలే హిందీలో చదివి వినిపించింది. అర్పిత నవ్వలేదు, ఏం కాదనీ అనలేదు. ఇంత భయం ఉన్నవాళ్ళు నెలకు ఇద్దరైనా వస్తారని, నోరు విప్పి చెప్పేవాళ్ళే తక్కువని చెప్పింది. తర్వాత లేచి, ఖాళీగా ఉన్న కాన్పు గదిలోకి తీసుకెళ్ళి మంచం ఎలా ఎత్తుతారో, దించుతారో చూపించింది. కాగితంలోని ఒక్కో వాక్యానికీ జవాబు చెప్పుకుంటూ వచ్చింది.

నిశ్శబ్దం సంగతి వచ్చేసరికి అర్పితకు మొదట అర్థం కాలేదు. వంటింటి కథంతా విన్నాక అంది: "రెండు నొప్పుల మధ్య నొప్పి ఉండదమ్మా. రెండు మూడు నిమిషాలు హాయిగా ఉంటుంది. కొందరు ఆ కాస్తలోనే కునుకు తీస్తారు."

"అంటే అక్క అప్పుడు..."

"విశ్రాంతి తీసుకుంటోంది."

పద్దెనిమిదేళ్ళుగా తాను చావనుకున్నది విశ్రాంతి. ఉజ్వల ఆ ఖాళీ మంచం మీద కూర్చుండిపోయింది. నవ్వొచ్చింది, ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పనందుకు కోపమూ వచ్చింది.

అన్నిటికీ అంత మంచి జవాబులు దొరకలేదు. ఒళ్ళు మాట వినదన్నది నిజమేనంది అర్పిత. తర్వాత వచ్చి చూసిన డాక్టరమ్మ నొప్పి తగ్గించే ఇంజెక్షన్ గురించి చెప్పింది. అప్పటికీ భయం లొంగకపోతే ఆపరేషన్ మాట కూర్చుని మాట్లాడుకుందామంది. ఏం చేసినా ముందు చెప్పి చేయాలని ఫైలు మీద ఎర్రసిరాతో రాసింది. అది చూశాక ఉజ్వలకు ఊపిరాడింది. ఆ రాత్రి శ్యామ్‌కు అంతా తనే చెప్పేసింది. "ముఝే లగా తుమ్ ఠీక్ హో, బాగానే ఉన్నావనుకున్నాను" అని మాత్రం అన్నాడు అతను. ఆ మీదట ఏం కాదన్న మాట మానేశాడు.

భయం పోయిందా అంటే పోలేదు. తర్వాతి వారాల్లో ఒకసారి గేటు దగ్గర పావుగంట నిలబడిపోయింది. కానీ లోపలికెళ్ళింది.

నొప్పులు ఒక బుధవారం పొద్దున్న టిఫిన్ల వేళకు మొదలయ్యాయి. ఆ సాయంత్రం నాలుగూ పదికి ఆడపిల్ల పుట్టింది. నొప్పి బాగానే పుట్టింది, రెండు కుట్లూ పడ్డాయి, చెప్పే వేశారు. తల్లీ బిడ్డా క్షేమం. అయితే ఉజ్వల ఈ పురుడు గురించి ఎవరికి చెప్పినా ఆ మధ్యాహ్నం ఒంటిగంట వేళ జరిగింది ముందు చెబుతుంది.

లోపల తోడుగా ఒక్కరినే ఉండనిస్తారు. దాలమ్మ ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా కోడలి చెయ్యి పట్టుకుని, "ఏటీ కాదమ్మీ, ఏటీ కాదు" అంటోంది. ఒక నొప్పి తగ్గి ఉజ్వల కళ్ళు తెరిచేసరికి, తనను పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది, భయమేసినప్పటి తన చేతుల్లాగే.

"అత్తా, నీకు భయమేత్తందా?"

"నాకేటి భయం? ముగ్గుర్ని కన్నాను." చెయ్యి లాక్కుంది.

ఇంకో నొప్పి వచ్చింది, పోయింది. దాలమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"పెద్దోడప్పుడు పారిపోదారనుకున్నానే" అంది నెమ్మదిగా. "టేసనుకెల్లి కూకున్నాను. మనూరెల్లే బండొచ్చింది, ఎల్లిపోనాది. ఎక్కనేకపోనాను. ఇంటికొచ్చి అంట్లు తోమినాను. తోముతుంటేనే నొప్పులొచ్చినాయి."

"మావయ్యకి తెలుసా?"

"ఎవులడిగినారే? ఆ మనిసి పన్లో వచ్చినోడినల్లా అడిగీవోడట, భయమేత్తందేట్రా అని. నన్నడగనేదు."

ఉజ్వల అవస్థ పడుతూనే పక్కకు జరిగి మంచం మీద కాస్త చోటిచ్చింది.

"నానడుగుతున్నాను గదా. కూకో. దేనికి భయమేసింది?"

దాలమ్మ తలుపు వైపు చూసింది, ఎవరూ రావడం లేదని చూసుకుని కూర్చుంది. ముప్పై ఐదేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి మొదలుపెట్టింది. కోడలికి నొప్పి వచ్చినప్పుడల్లా ఆగింది, పోగానే మళ్ళీ అందుకుంది.