వ్యాన్‌లో చిన్న బండ

ఏ వస్తువు మీద ఏం రాసి ఉన్నా నాకు చదవాల్సిందే. సబ్బు పెట్టె కూడా వదలనని మా ఆయన కలీం అందరి దగ్గరా వేళాకోళం చేస్తారు. ఆ సాయంత్రం వ్యాన్ ఊడుస్తుంటే గ్యాస్ బండ పిడి లోపలివైపు 'సి-23' అని కనిపించింది. ఇక ఊరుకుంటానా?

ఆయనది మిర్చి వ్యాపారం. సీజన్‌లో వినుకొండ చుట్టుపక్కల కల్లాలన్నీ తిరిగి సరుకు కొంటారు. రాత్రిళ్లు అందులోనే పడుకోవచ్చని చిలకలూరిపేటలో ఈ పాత వ్యాన్ కొన్నారు. మంచం, పొయ్యి, మంచం కింద అరలో ఐదు కిలోల బండ, అన్నీ అమర్చి ఉన్నాయి. మర్నాడే మొదటి ప్రయాణం.

"సి అంటే ఏంటండీ?"

"కంపెనీ నంబరేదో అయ్యుంటది."

ఈ 'అయ్యుంటది' నాకు గిట్టదు. ఇంట్లోకి వెళ్లి గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఏడాదిని మూడేసి నెలల చొప్పున ఎ, బి, సి, డి అని విడగొడతారట. సి-23 అంటే 2023 సెప్టెంబరులోగా ఆ బండకి మళ్లీ పరీక్ష జరగాలి. ఎప్పుడో దాటిపోయింది. ఇనుముకీ గడువుంటుందా అని భలే ఆశ్చర్యమేసింది. గొట్టానికీ ఉందట, ఐదేళ్లకి మార్చాలట. గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే కిందే పేరుకుంటుందని, బండ ఉన్న అర అడుగున బయటికి కన్నం ఉండాలని కూడా చెప్పింది. మనదానికి ఉందో లేదో చూద్దామని మళ్లీ వ్యాన్ దగ్గరికి వెళ్లాను.

తలుపు లాగగానే వాసన గుప్పుమని కొట్టింది. ఆయన లోపల పొయ్యి ముందు కూర్చుని ఉన్నారు. పొయ్యి మీద టీ గిన్నె, చేతిలో లైటర్.

"నొక్కకండి. అది పట్టుకునే బయటికి రండి."

"ఏమైంది?"

"ముందు రండి."

ఆయన దిగాక ఊపిరి బిగబట్టి రెగ్యులేటర్ కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచాను. గాలి ఆడాక చూస్తే గొట్టం మడత దగ్గర పగిలి ఉంది. అర అడుగున కన్నమే లేదు.

"అంత వాసనలో ఎలా కూర్చున్నారండీ?"

"మిర్చి ఘాటనుకున్నా."

మిర్చికీ గ్యాస్‌కీ తేడా తెలియని మనిషి కాదు. నాకు అనుమానమొచ్చింది. కళ్లు మూసుకోమని ఒక డబ్బా తెచ్చి ముక్కు దగ్గర పెట్టాను.

"ఇదేంటో చెప్పండి."

"నీ అత్తరేగా."

అది ఇంగువ.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"పోయిన సీజన్ నుంచి. ముందు జలుబనుకున్నా. చెప్తే వ్యాన్ ఎక్కనిస్తావా?"

ఒళ్లు మండిపోయింది. అంతకు మించి భయమేసింది. రేపీపాటికి ఏ కల్లం పక్కనో తలుపులేసుకుని ఒక్కరే ఉండేవారు. వాసనొస్తోందని చెప్పడానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు.

"మరి మొన్న పులావ్ మూత తీయగానే ఘుమఘుమలాడిపోతోందన్నారు?"

"మూత తీసినప్పుడు నీ మొహం చూస్తా, ఆయేషా. కుదిరిందో లేదో అక్కడే తెలిసిపోద్ది."

ఏడాది నుంచీ ఈయన నా వంటని నా మొహంలో వాసన చూస్తున్నారన్నమాట. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ముందు బ్రాడీపేటలో డాక్టరు దగ్గరికి. బండా, గొట్టం మార్చి అరకి కన్నం పెట్టించాకే కల్లాలు. అప్పుడు కూడా మీతో నేనూ వస్తాను."

ఆయన ఏదో అనబోయి నా మొహం వైపు చూశారు. జేబులోంచి వ్యాన్ తాళం తీసి నా చేతిలో పెట్టారు.