మరకలు లేని కార్డులు

ఇంట్లో పిల్లలకు చదువు చెప్పుకునేవాళ్ళకు దొరకనిదంటూ ఏదీ లేదు, పనికొచ్చేది తప్ప. కోపంతో అంటున్న మాట కాదిది. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. ఏడాదిగా వెతికి వెతికి అంటున్నాను. వర్క్‌షీట్లు, వీడియోలు, అక్షరాల బొమ్మలు, రంగురంగుల చార్టులు, ఉచితమని పిలిచి వారం తిరక్కుండానే మొండికేసే యాప్‌లు, అన్నీ చూశాను. మా ప్రింటర్ తాగిన సిరా మేం ముగ్గురం తాగిన పాలకన్నా ఎక్కువే ఉంటుంది.

మా అమ్మాయిని మేము కందిరీగ అంటాం. ఏ పని చేస్తున్నా జుమ్మని కూనిరాగం తీస్తూ ఉంటుంది, కదిలిస్తే కుడుతుంది. అలాంటి పిల్ల బడికెళితే మూగదైపోయేది. తొమ్మిదేళ్ళొచ్చినా చదవడం పట్టుబడలేదు. ఒకరోజు టీచరు నిలబెట్టి పాఠం చదవమంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయిందట. తరగతి తరగతంతా నవ్విందట. మర్నాటి నుంచి యూనిఫాం వేస్తే చాలు, వాంతి. డాక్టరు కడుపులో ఏ లోపమూ లేదన్నాడు. బడివాళ్ళు చిన్నపిల్లల తరగతిలో కూర్చోబెడతామన్నారు. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. రోజూ ఎందరి వాంతులో ఎత్తిపోసే మనిషి, సొంత పిల్ల వాంతి చూసి గోడకానుకుని ఏడ్చింది.

ఆ నెలలోనే బడి మాన్పించాం. నేను ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకు డీటీపీ చేస్తాను, ప్రూఫులు దిద్దుతాను. అక్షరాల మీద బతికేవాణ్ణి, నా పిల్లకు నాలుగు అక్షరాలు చెప్పుకోలేనా అనుకున్నాను. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అంది మా అక్కయ్య ఫోన్లో. తర్వాత పాపం వాళ్ళ పిల్లల పాత పుస్తకాలన్నీ మూటగట్టి పంపింది. అవీ పనికిరాలేదు.

ఇంట్లో చదువు చెప్పుకోవడానికి అనుమతి ఊరికే ఇవ్వలేదు. ఏడాది తిరిగేసరికి విద్యాశాఖ నుంచి ఒకరు ఇంటికొచ్చి చూస్తారు. పిల్ల చదవగలిగితే సరే. లేకపోతే మళ్ళీ బడికి, అదీ చిన్నపిల్లల తరగతికి పంపాలి. పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రాబోయే మనిషే.

మాలాంటివాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అందరూ తల్లులే, మగపురుగును నేనొక్కణ్ణే. అందుకని అందరికీ అన్నయ్యగారినయ్యాను. తెల్లారితే చాలు, ఎవరో ఒకరు ఏదో ఒక లింకు పెట్టి "చాలా బాగుంది, తప్పక వాడండి" అని రాస్తారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, మిగతావాళ్ళు దాన్ని ఇంకో నలుగురికి పంపిస్తారు. ఒకావిడ ఒక లెక్కల ఆటను ఆకాశానికెత్తింది. మీ పిల్లలకు ఎలా పనిచేసిందమ్మా అని అడిగాను. "మేమింకా తెరవలేదు అన్నయ్యగారూ, బాగుందని ఎవరో అన్నారు" అంది. ఆ ఎవరో ఎవరా అని పాత మెసేజీల్లోకి వెతుక్కుంటూ పోతే, చివరికి నేనే తేలాను. నేనూ తెరవలేదు.

మా ఇంట్లో పరీక్ష ఒకటే. కొత్తగా తెచ్చింది ఏదైనా కందిరీగ ముందు పెడతాను. కూనిరాగం సాగితే పనికొస్తుంది, ఆగితే లేదు. అన్నిటికీ ఆగింది. ఆగిన ప్రతిసారీ దాన్ని తీసి భోజనాల బల్ల మీద ఒక చివర పెట్టి, మళ్ళీ వెతకడానికి కూర్చునేవాణ్ణి. అలా పెట్టగా పెట్టగా బల్లలో మాకు ఒక కంచం పట్టేంత చోటు మిగిలింది. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, "ఏవండీ, ఇది ఇల్లా, కాగితాల కొట్టా?" అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత ఒంట్లో సత్తువ లేక అనడం మానేసింది.

ఒకరోజు లైబ్రరీలో పాత సామాను తీసేస్తూ ఒక అట్టపెట్టె గుమ్మం పక్కన పెట్టారు. అందులో దళసరి కార్డులున్నాయి. కార్డుకో చిన్న కథ, నాలుగైదు వాక్యాలు, బొమ్మల్లేవు. ఎన్ని చేతులు మారాయో, ఒకదాని మీద టీ మరక, ఒకదానికి మూల చిరిగింది, ఒకదాని మీద ఎవరో పిల్లాడు పెన్నుతో మీసాల మనిషిని గీశాడు. "కావాలంటే పట్టుకెళ్ళండి, లేకపోతే రేపు చెత్తబండికి ఇచ్చేస్తాం" అన్నాడు లైబ్రేరియన్. ఇంతకుముందు తెచ్చినవన్నీ మెరిసేవే కదా, ఒక మురికిది కూడా చూద్దామని తెచ్చాను.

"ముందు నువ్వు చదివి వినిపించు నాన్నా" అంది కందిరీగ. వినిపించాను. కూనిరాగం ఆగలేదు. మర్నాడు టీ మరక కార్డు చేతిలోకి తీసుకుని గడగడా చదివేసింది. నాకు నమ్మకం కలగలేదు. ఇంకోటి ఇచ్చాను. అదీ చదివింది. రోజూ నేనొక కొత్త కార్డు చదివి వినిపించడం, మర్నాడు అది చదవడం. ఒక సాయంత్రం మా ఆవిడ గుమ్మంలో భుజాన సంచీతో అలాగే నిలబడి వింది. చెప్పులు విప్పకుండానే నేల మీద కూర్చుండిపోయింది.

ఆ రాత్రి గ్రూపులో రాశాను. నేను స్వయంగా వాడి చూసి మరీ బాగుందని రాసిన మొదటి వస్తువు అదే. ఇక చూడండి, అన్నయ్యగారూ మాక్కూడా, అన్నయ్యగారూ మా బాబుకి కూడా అని ఒకటే గోల. ఫొటోలు తీస్తే మరకల వల్ల అక్షరాలు సరిగా కనబడలేదు. అందుకని కార్డులన్నీ నేనే పెద్దక్షరాల్లో శుభ్రంగా మళ్ళీ టైపు చేశాను.

మా పనిలో ఒక నియమం ఉంది. సొంతంగా టైపు చేసిందాన్ని సొంతంగా దిద్దుకోకూడదు. కన్ను కాగితం మీద ఉన్నదాన్ని చూడదు, తనకు ముందే తెలిసినదాన్ని చూస్తుంది. అందుకని ప్రూఫు కందిరీగ చేతికిచ్చాను. "తప్పులేమైనా ఉన్నాయేమో చదివి చెప్పవే, నువ్వే మా ఆఫీసరువి" అన్నాను.

కూనిరాగం ఆగిపోయింది. కాగితాన్ని తిప్పి వెనక చూసింది. మూలలు తడిమింది.

"దీనికి మరకేది నాన్నా?"

"కొత్తది కదమ్మా, మరకెందుకుంటుంది?"

"మరక లేకపోతే ఇది ఏ కథో నాకెలా తెలుస్తుంది?"

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. పాత కార్డు ఒకటి తీసి, మరక మీద నా అరచెయ్యి అడ్డంపెట్టి చదవమన్నాను. నోరు తెరవలేదు. చెయ్యి తీశాను. గడగడా చెప్పేసింది. పిల్ల చదవలేదు, అప్పజెప్పింది. ఒక పెట్టెడు కథలు ఒక్కసారి విని, ఏ మరకకు ఏ కథో గుర్తు పెట్టుకుంది. ఎదురుగా కూర్చుని రోజూ విన్నాను నేను. దాని చూపు వాక్యం వెంట కదలడం లేదని, ప్రూఫులు దిద్దే నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు.

కోపమొచ్చింది. "మరి ఎందుకు చెప్పలేదే?" అని గట్టిగానే అరిచాను.

అది తల దించుకుంది. "మొదటి కార్డు చెప్పినప్పుడు నువ్వు నవ్వావు. చాలా రోజులైంది కదా నువ్వు నవ్వి. రోజూ వెతికి వెతికి అలిసిపోతున్నావు. ఇది పనిచేసిందనుకుంటే ఇంక వెతకవని."

పిల్లను దగ్గరకు తీసుకోవాలని నాకు తోచలేదు. ఆ కాగితం పట్టుకుని అలాగే కూర్చున్నాను.

విద్యాశాఖ మనిషి శుక్రవారం వస్తుందని అప్పటికే కబురొచ్చింది. సాయంత్రం మా ఆవిడకు జరిగిందంతా చెప్పాను. విని, చాలాసేపు కాళ్ళు నొక్కుకుంటూ కూర్చుంది.

"శుక్రవారం ఆ పాత కార్డులే పెట్టండి ఆవిడ ముందు" అంది చివరికి.

"అది అబద్ధం కదా?"

"అబద్ధమే. వాంతులు నిజం. మీరు చూడగలరేమో, నేను మళ్ళీ చూడలేను."

నాకు వాదించే ఓపిక లేదు. సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆవిడ నోట రాగానే నాకు హాయిగా అనిపించింది.

సోమవారం నుంచి నేను దేనికోసమూ వెతకలేదు. శుభ్రంగా టైపు చేసిన కాగితాల్లోంచి ఒకటి తీసి, మొదటి వాక్యం తప్ప మిగతాదంతా తెల్లకాగితంతో కప్పి, అక్షరం కింద వేలు పెట్టించాను. ముందు నేను చదివి వినిపించనని చెప్పాను. అంతే, అందులో రంగుల్లేవు, ఆటల్లేవు. ఒక్కో అక్షరం దగ్గర పిల్లకు చెమటలు పట్టేవి. పొద్దున చదివిన మాట మధ్యాహ్నానికి మర్చిపోయేది. ఒకసారి విసుగొచ్చి బల్ల మీద కొట్టాను. అది కళ్ళనీళ్ళు తుడుచుకుని వేలు మళ్ళీ మొదటి అక్షరం కిందికి తెచ్చుకుంది. ఇది పనిచేస్తోందని గ్రూపులో రాయమంటే నేను రాయలేను. కార్డులెప్పుడు పంపుతారు అన్నయ్యగారూ అని అడిగినవాళ్ళకు మాత్రం, మా పిల్ల చదవలేదు, బట్టీ పట్టింది, క్షమించండి అని రాశాను. తర్వాత ఒకావిడ, "మా వాడూ అంతేనేమో, ఇవాళ చూస్తాను" అంది. ఆ వెనకే ఇంకొకావిడ కొత్త లింకు పెట్టి, చాలా బాగుందని రాసింది.

శుక్రవారం వచ్చిన ఆవిడ నడివయసు దాటిన మనిషి. మెట్లెక్కి వచ్చి, మోకాలు పట్టుకుని, ముందు మంచినీళ్ళడిగింది. మా ఇంటికి ముందే ఇంకెన్ని ఇళ్ళు తిరిగిందో, కుర్చీలో కూర్చుంటే లేవాలని లేనట్టుంది. బల్ల మీద గుట్టను చూసి, "ఇవన్నీ వాడారా?" అని అడిగింది.

"వెతికాను మేడమ్" అన్నాను.

పాత కార్డులు అన్నిటికన్నా పైన, అందేలా పెట్టి ఉంచాను. వాటిలోనూ టీ మరకది అన్నిటికన్నా పైన ఉంది. మా ఆవిడ ఆ పూట సెలవు పెట్టి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏదమ్మా, నీకిష్టమైంది ఒకటి తీసి చదువు" అంది వచ్చినావిడ.

కందిరీగ టీ మరక కార్డు తీసుకుంది. దానివైపు చూసింది, నావైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. కార్డు మళ్ళీ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తలెత్తి చూసేసరికి పిల్ల నా కంప్యూటరు దగ్గర్నుంచి టైపు చేసిన ఆ కాగితం తెచ్చుకుని కూర్చుంటోంది. వేలు పెట్టింది.

"త...లు...పు." ఊపిరి పీల్చుకుంది. "ద...గ్గ...ర." 'కుక్క' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగింది. మా ఆవిడ పెదవులు కదులుతున్నాయి కానీ మాట పైకి రానివ్వలేదు. "కు...క్క. పండు... కాదు. ప...డు...కుం...ది." మొదటి నుంచి మళ్ళీ చదివింది, ఈసారి కాస్త తొందరగా. "తలుపు దగ్గర కుక్క పడుకుంది."

"తర్వాతది?" అంది వచ్చినావిడ.

"అది రాదు" అంది కందిరీగ.

"ఎప్పట్నుంచి చదువుతోంది?" అని ఆవిడ నన్నడిగింది.

"సోమవారం నుంచి మేడమ్" అన్నాను. ఇక దాచి లాభం లేదు. కార్డుల సంగతీ, మరకల సంగతీ, అవే ముందు పెట్టి గట్టెక్కుదామనుకున్న సంగతీ చెప్పేశాను. మా ఆవిడ నావైపు చూడలేదు.

వచ్చినావిడ టీ మరక కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది చెప్పి ఉంటే చదువుతుందని రాసేసి వెళ్ళిపోయేదాన్ని. నాకు ఇంకా ఇళ్ళున్నాయి" అంది. కార్డు మళ్ళీ గుట్ట మీద పెట్టేసింది. "చదువుతుందని రాయలేను. చదవదని కూడా రాయలేను, ఇప్పుడే విన్నాను కదా. వానలు తగ్గాక మళ్ళీ వస్తాను. అప్పుడు నేనిచ్చే పేజీ చదవాలి. చదవకపోతే బడే. తర్వాత నన్నేం అనకండి." మోకాలు పట్టుకుని లేచి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

తలుపు వేసేసరికి నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. వానలు తగ్గడానికి ఎంతో లేదు. ఒక్క పూట కూడా పోగొట్టుకోకూడదనిపించింది. కాగితం మీద కప్పిన తెల్లకాగితాన్ని కిందికి జరిపి, "రావే, రెండో వాక్యం చూద్దాం" అన్నాను.

కందిరీగ బల్ల మీద తల వాల్చేసింది. "రేపు నాన్నా. ఇవాళ అలిసిపోయాను."

అది ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఈ ఇంట్లో అలిసిపోయేది నేనొక్కణ్ణే అనుకున్నాను ఇంతకాలం. తండ్రి మొహంలో నవ్వు చూడ్డానికి ఒక పెట్టెడు కథలు బట్టీ పట్టి, ఏదీ తారుమారు కాకుండా రోజూ అప్పజెప్పిన పిల్లకు ఎంత అలుపు ఉంటుందో ఒక్క పూటా అడగలేదు. సరే, పడుకోమ్మా అన్నాను. బల్ల మీది గుట్టను దాని తల పక్కనుంచి కాస్త అవతలికి జరిపాను.