గుప్పెడు ఆవాలు

నేను ఒక కుట్టుమిషన్‌ని. కాలితో తొక్కే పాత రకం. పుట్టింది ఎక్కడో ఉత్తరాది కార్ఖానాలో అయినా, పెరిగింది చీరాలలోనే. మొదటి పదేళ్లు ఒక బడిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పాను. ఆ బడి మూతపడ్డప్పుడు కుట్టు టీచరు నన్ను తన శిష్యురాలు సలోమికి ఇచ్చేసింది.

సలోమి భర్త ఏసోబు తాపీమేస్త్రి. అత్తగారు మార్తమ్మ. నన్ను కిటికీ కింద వేసుకుని సలోమి ఆ పేటలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. మనుషులు కొలతల దగ్గర మాత్రం నిజం ఒప్పుకోరు. “పోయినేడు కొలతే పెట్టు, నేనేం లావవలేదు” అనేవాళ్లు. ఆమె సరేనని తలూపి, టేపు చెప్పినట్టే కత్తిరించేది. బిగుతైందని ఒక్కరూ తిరిగి రాలేదు.

ముప్పై తొమ్మిదో ఏట ఆమె ఎడమ రొమ్ములో గడ్డ కనబడింది. గుంటూరు ఆసుపత్రిలో క్యాన్సరన్నారు. ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. ఆపైన మూడు వారాలకోసారి కీమో. జుట్టు రాలింది, గోళ్లు నల్లబడ్డాయి, నోరంతా పూసింది. ఏసోబు పని మానుకుని ప్రతిసారీ ఆమెను రైల్లో తీసుకెళ్లేవాడు. మార్తమ్మ రాగిజావ పలచగా కాచి, చల్లార్చి, “రెండు చెంచాలే అమ్మా, రెండే” అంటూ గిన్నెడూ తాగించేది.

సలోమి అన్నీ ఓర్చుకుంది, ఒక్కటి తప్ప. వైద్యం అయిపోయాక చర్చికి వెళదామని జాకెట్టు తొడుక్కుంది. తన చేత్తో కుట్టుకున్నదే. ఎడమవైపు గుడ్డ ముడతలు పడి వేలాడింది. విప్పి నా మీద పడేసింది. ఆ రోజు నుంచి వాకిలి దాటలేదు.

“కొలతలు తియ్యడానికి వంగితే అందరి చూపూ ఇక్కడే ఉంటదత్తా,” అంది. నా మీద దుప్పటి కప్పేసింది.

ఆ దుప్పటి తీసింది ఏసోబు. ఒక ఆదివారం మధ్యాహ్నం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా ముందు కూర్చున్నాడు. సిమెంటు తిన్న వేళ్లతో సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టింది. సలోమి మంచం మీద నుంచి చూస్తూ ఉంది. అతను పాత చీర ముక్కతో గుండ్రంగా చిన్న సంచి కుట్టి, మార్తమ్మ గింజలు ఏరిన బూరుగు దూది కూరి, ఆమె చేతికిచ్చాడు.

సలోమి దాన్ని లోపల పెట్టుకుని జాకెట్టు తొడుక్కుంది. చెయ్యి ఎత్తగానే అది మెడ దాకా ఎగదన్నుకొచ్చింది.

“బరువు లేదు. బరువు లేంది నిలబడదు,” అన్నాడు మేస్త్రి.

“ఇసక పోస్తావా ఏందిరా?” అంది మార్తమ్మ. కాసేపు ఆలోచించి, వంటింట్లోంచి గుప్పెడు ఆవాలు తెచ్చింది.

ఈసారి నిలిచింది. సలోమి అద్దం ముందు ఇటు తిరిగింది, అటు తిరిగింది.

“కుట్టు మాత్రం పాము పాకినట్టుందయ్యా,” అంది. నవ్వుతూనే ఏడ్చింది.

“గోడైతే తిన్నగా లేపేవోణ్ణి,” అన్నాడతను.

మర్నాడు దాన్ని విప్పి తనే చక్కగా కుట్టుకుంది. తరవాత ఆసుపత్రికి పరీక్షలకు వెళ్లినప్పుడల్లా నాలుగైదు సంచులు కుట్టి తీసుకెళ్లి, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లకు ఇచ్చేది. మార్తమ్మ దూది ఏరేది. ఏసోబు పని నుంచి వచ్చి ఆవాలు పోసి మూతులు కుట్టేవాడు. ముగ్గురూ నా చుట్టూ కూర్చుని కబుర్లాడుకున్న ఆ రెండేళ్లలాంటి రోజులు నేను మళ్లీ చూడలేదు.

మూడో ఏడు దగ్గు మొదలైంది. ఊపిరితిత్తుల్లోకి పాకిందన్నారు. మళ్లీ రైలు, మళ్లీ మందులు, మళ్లీ జావ. ఈసారి ఏదీ ఒంటబట్టలేదు. చివరి వారాల్లో తొక్కే బలం లేక, చక్రం చేత్తో తిప్పుకుంటూ కుట్టింది. ఆగస్టులో ఒక ఉదయం, ఒక చెయ్యి భర్త పట్టుకుని, ఒక చెయ్యి అత్త పట్టుకుని ఉండగా పోయింది. ధైర్యంగా ఉంటే ఏ జబ్బయినా తగ్గుతుందని రోజూ చెప్పినవాళ్లు సమాధి దగ్గర ఏం చెప్పాలో తెలియక నిలబడ్డారట. ఆమె ధైర్యంలో నాకైతే ఏ లోటూ కనబడలేదు.

ఏసోబు నన్ను ఎవరికీ ఇవ్వలేదు, ముట్టుకోనూ లేదు. రెండు నెలల తరవాత తలకు గుడ్డ కట్టుకున్న ఒకామె వాకిట్లోకి వచ్చింది.

“సలోమక్క ఇల్లు ఇదేనా? మాది బాపట్ల. ఆసుపత్రిలో అక్క నాకు ఆవాల సంచి ఇచ్చింది. ఎలకలు కొరికేసినయ్. ఇంకోటి కుట్టిస్తదేమోనని వచ్చా.”

మార్తమ్మ నోరు తెరిచేలోపు ఏసోబు, “ఊళ్లో లేదమ్మా. కూర్చో, నేను కుట్టి ఇస్తా,” అన్నాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. “ఎల్లుండి మూడో కీమో. నావల్ల కాదు, మానేస్తా అంటే మా ఆయన ఒకసారి అక్కని చూసి రమ్మన్నాడు. ఎట్టా ఉందన్నా ఇప్పుడు?”

మార్తమ్మ ఆవాలు తెస్తానని లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు.

“బాగుందమ్మా,” అన్నాడు ఏసోబు, గుడ్డ మీంచి తల ఎత్తకుండా. “ఆమెక్కూడా మూడోదే కష్టమైంది. ఆ తరవాత ఓర్చుకుంది. నువ్వు మానొద్దు.”

“అక్క చెప్పినట్టే చెప్పావన్నా,” అందామె. కీమో మాననని, ఎల్లుండి పొద్దున రైలుకే గుంటూరు వెళ్తానని చెప్పింది.

సంచి పూర్తయ్యేదాకా ఏసోబు నా పెడలు తొక్కడం ఆపలేదు.